పెద్ద కంప్రెసర్ చక్రం వేశాక బూస్ట్ ఆలస్యం, గరగర శబ్దం: సమాధానం

మీరు టర్బోచార్జర్‌లో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే పరికరం) 44/60 మిల్లీమీటర్ల కంప్రెసర్ చక్రం (గాలి చొరబడే వైపు వ్యాసం 44, బయటికి పోయే వైపు 60) తీసి 48/68 వేశారు. ఇప్పుడు బూస్ట్, అంటే ఆ అదనపు గాలి ఒత్తిడి, ఆలస్యమవుతోంది, 2,500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే గరగరమంటోంది అన్నారు.

ఆ శబ్దం సర్జ్. అంత తక్కువ వేగంలో ఇంజిన్ ఈ చక్రం తోసే గాలిని మింగలేదు. ఒత్తిడి పెరిగి, ప్రవాహం రెక్కలను వదిలేసి వెనక్కి తంతుంది. కాలు తీసినప్పుడు మాత్రమే వస్తే మిగులు ఒత్తిడిని వదిలేసే బైపాస్ వాల్వును అనుమానించేవాణ్ణి.

ఆలస్యానికి కారణం వ్యాసమే. ఆకారం, లోహం ఒకటే అనుకుంటే చక్రం జడత్వం (వేగం పుంజుకోకుండా మొరాయించే గుణం) వ్యాసపు ఐదో ఘాతంతో పెరుగుతుంది: 60 నుంచి 68కి దాదాపు 1.9 రెట్లు. బిల్లెట్ (లోహపు దిమ్మె నుంచి చెక్కిన) చక్రం తేలిక అన్న ప్రచారాన్ని నేను పెద్దగా పట్టించుకోను; షాఫ్టుకు అవతలి చివర ఉండే నికెల్ మిశ్రమలోహపు టర్బైన్ చక్రానిదే (ఎగ్జాస్ట్ వాయువులు తిప్పేది) అసలు బరువు.

గాలి చొరబడే వైపు వ్యాసం వర్గాన్ని బయటికి పోయే వైపు వ్యాసం వర్గంతో భాగించి 100తో గుణిస్తే ట్రిమ్. పాతది 54, కొత్తది 50. తగ్గింది కాబట్టి తప్పు ట్రిమ్‌ది కాదు, పరిమాణానిది.

నేనైతే 46/60 వేస్తాను. ట్రిమ్ 59 అవుతుంది, పై వేగాల్లో గాలి పెరుగుతుంది, జడత్వం పెద్దగా మారదు. ఉన్నదే ఉంచుకుంటానంటే పోర్టెడ్ ష్రౌడ్ హౌసింగ్ (మిగులు గాలి వెనక్కి తిరిగేలా మూతి దగ్గర చీలికలున్న డొప్ప) వేయించి, కింది వేగాల్లో బూస్ట్ తగ్గించి ట్యూన్ చేయించండి.

ముందుగా మాత్రం ఇన్‌టేక్ పైపు విప్పి రెక్కల అంచులు చూడండి. మెరిసే గీతలుంటే చక్రం హౌసింగ్‌ను రాసుకుంటోంది. బండి నడపకుండా షాఫ్టు ఆట (వదులు), బ్యాలెన్సింగ్ పరీక్ష చేయించండి.