రికార్డులు బ్లాక్‌చెయిన్‌లో పెడితే హ్యాకింగ్ భయం పోతుందా?

"మా నర్సింగ్ హోమ్‌లో పేషెంట్ల రికార్డులన్నీ బ్లాక్‌చెయిన్‌లో పెట్టేస్తే ఇక హ్యాకింగ్ భయం ఉండదు కదా?" అని ఒకరు అడిగారు. బ్లాక్‌చెయిన్ అంటే ఎంట్రీలను బ్లాకులుగా చేసి, ఒకదానికొకటి గొలుసులా కలిపి దాచే పద్ధతి. దొంగతనం భయం పోదండీ. రికార్డును ఎవరైనా గుట్టుగా మార్చేస్తారన్న భయం మాత్రం చాలావరకు పోతుంది.

నేను ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ సపోర్ట్‌లో పనిచేస్తాను. ఒక ఆసుపత్రిలో ఓ అబ్బాయికి ఇంజెక్షన్ పడక ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. పెన్సిలిన్ పడదని అడ్మిషన్ రోజే చెప్పామని ఇంట్లోవాళ్లు అంటున్నారు. కేస్ షీట్‌లో అలర్జీ గడిలో చూస్తే 'ఏమీ లేవు' అని ఉంది. ఆ గడి ఎవరు, ఎప్పుడు నింపారో లాగ్ తీయమన్నారు. తీశాను. కానీ ఆ లాగ్ కూడా అదే డేటాబేస్‌లో ఉంది, అడ్మిన్ పాస్‌వర్డ్ ఉన్నవాళ్లు దాన్నీ దిద్దగలరు. "నా ముందే రాసుకున్నారు బాబూ" అంటుంది ఆ తల్లి. ఆమెది నిజమని గానీ, ఆసుపత్రిది నిజమని గానీ తేల్చే దారి లేదు. నాకు చాలా బాధేసింది.

బ్లాక్‌చెయిన్ పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. ప్రతి ఎంట్రీకి ఒక హ్యాష్ తీస్తారు, అంటే వేలిముద్ర లాంటిది. క్రియాటినిన్ 1.2 ని 1.3 చేసినా చాలు, ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్క పద్ధతి ఇచ్చే 64 అక్షరాల హ్యాష్ మొత్తం మారిపోతుంది. ఒక్కో బ్లాకులో దాని ముందు బ్లాకు హ్యాష్ కూడా ఉంటుంది కాబట్టి పాతది కదిపితే గొలుసు తెగినట్టు తెలిసిపోతుంది. అయితే కాపీలు వేర్వేరు సంస్థల దగ్గర ఉండాలి. అన్నీ ఒకే ఆసుపత్రి సర్వర్లలో ఉంటే అడ్మిన్ గొలుసంతా కొత్తగా అల్లేయగలడు.

ఎస్టోనియా చేసింది ఇదే. 2007లో పెద్ద సైబర్ దాడులు చూసిన దేశం అది. ఆరోగ్య రికార్డులకు కాపలాగా గార్డ్‌టైమ్ కంపెనీ వారి కేఎస్ఐ అనే హ్యాష్ గొలుసు టెక్నాలజీని వాడుతున్నట్టు 2016లో ప్రకటించారు. రికార్డులు మాత్రం మామూలు డేటాబేసుల్లోనే ఉంటాయి, గొలుసులోకి వెళ్లేవి హ్యాష్‌లే. తన ఫైలు ఎవరు తెరిచి చూశారో అక్కడి పేషెంటు పోర్టల్‌లో తనే చూసుకోవచ్చు. మన దగ్గర కూడా ఇది రావాలని నాకెంతో కోరిక.

అసలు రికార్డును మాత్రం గొలుసులో పెట్టకండి. అందులో పడింది చెరపడం దాదాపు అసాధ్యం, మన 2023 డేటా రక్షణ చట్టంలోనేమో చెరిపించుకునే హక్కు ఉంది. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్‌లో రాన్సమ్‌వేర్‌తో (డేటాకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) సర్వర్లు ఆగిపోయి చేతిరాతతో పనులు నడిపారు. అలాంటప్పుడు ఆదుకునేది నెట్‌వర్క్‌కి దూరంగా దాచిన బ్యాకప్పే, బ్లాక్‌చెయిన్ కాదు. నర్సింగ్ స్టేషన్‌లో అందరూ ఒకే లాగిన్ వాడుతుంటే గొలుసు కూడా ఆ ఒక్క పేరే చూపిస్తుంది.

అందుకే ముందు ఎవరి లాగిన్ వాళ్లకివ్వండి, బ్యాకప్ సరిచేయండి. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లను ఒకటే అడగండి: లాగ్ హ్యాష్‌లు మీ ఆసుపత్రి బయట ఎవరి దగ్గర ఉంటాయని.