వేగంగా పోతే కణానికి ఆయుష్షు పెరుగుతుందా?

ప్రశ్న: కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే మ్యూయాన్లు చాలా వేగంగా వస్తాయి కాబట్టే నేల దాకా బతికి ఉంటాయని మా సార్ చెప్పారు. అంటే వేగం కణానికి స్థిరత్వం ఇస్తుందా? అట్లయితే కదలకుండా ఉన్న ప్రోటాన్ ఎందుకు విచ్ఛిన్నం కాదు?
– డిగ్రీ విద్యార్థిని, నర్సంపేట

జవాబు: మీ సార్ చెప్పింది నిజమేనమ్మా. కానీ వేగం కణాన్ని గట్టిపరచదు. హనుమకొండలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినన్నాళ్లూ ఈ పాఠం దగ్గర ఫార్ములా కన్నా ముందు లెక్క చేయించేవాణ్ని. నువ్వూ ఒక కాగితం తీసుకో.

మ్యూయాన్ అంటే ఎలక్ట్రాన్ లాంటిదే, కానీ దానికన్నా చాలా బరువైన కణం. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు మన వాతావరణాన్ని తాకినప్పుడు పుడుతుంది. కదలకుండా ఉన్న మ్యూయాన్ సగటు జీవితకాలం 2.2 మైక్రోసెకన్లు (మైక్రోసెకన్ అంటే సెకనులో పది లక్షల వంతు). ఆ తర్వాత ఎలక్ట్రాన్, ఒక న్యూట్రినో, ఒక యాంటీన్యూట్రినోగా విడిపోతుంది. కాంతి వేగంతో ఉరికినా అంతసేపట్లో దాటేది 660 మీటర్లే. కాజీపేటలో బయల్దేరితే వరంగల్ స్టేషన్ కాదు కదా, కాజీపేట కూడా దాటదు. ఇవి పుట్టేదేమో మన తలల మీద దాదాపు 15 కిలోమీటర్ల ఎత్తున. కిందికి రావడానికి 50 మైక్రోసెకన్లు పడుతుంది, అంటే సగటు ఆయుష్షుకు దాదాపు 23 రెట్లు. ఈ లెక్కన వెయ్యి కోట్ల మ్యూయాన్లు బయల్దేరితే నేల చేరేది ఒకటో రెండో. కానీ నీ అరచేయి చాపి చూడు. ఈ క్షణాన కూడా దాంట్లోంచి సెకనుకు ఒకటి చొప్పున దూసుకుపోతున్నాయి. ఇన్నేళ్లు చెప్పినా ఈ మాట దగ్గర నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మరి లెక్క ఎక్కడ తప్పింది? 2.2 మైక్రోసెకన్లు అనేది మ్యూయాన్ తన గడియారంలో చూసుకునే సమయం. 50 అనేది మన గడియారంలోది. రెండింటినీ ఒకటే అనుకోవడం దగ్గరే తప్పు జరిగింది. వేగంగా పోయేదాని గడియారం మనకు నెమ్మదిగా నడిచినట్టు కనిపిస్తుందని ఐన్‌స్టీన్ 1905లో చెప్పాడు. కాంతి వేగంలో 99.5 శాతంతో పోతే సుమారు 10 రెట్లు నెమ్మది. మ్యూయాన్‌తో పాటు మనమూ ప్రయాణిస్తే దాని ఆయుష్షు అదే 2.2. అప్పుడు కుంచించుకుపోయేది దాని ఎదుట ఉన్న వాతావరణం మందం. కణం లోపల మారేదేమీ లేదు.

1963లో అమెరికాలో ఫ్రిష్, స్మిత్ అనే ఇద్దరు దీన్ని లెక్కపెట్టి చూపించారు. సుమారు 1,900 మీటర్ల ఎత్తున్న మౌంట్ వాషింగ్టన్ మీద ఒకే వేగం గల మ్యూయాన్లు గంటకు 560 దాకా వచ్చాయి. గడియారాలన్నీ ఒకే తీరుగా నడిచేవైతే సముద్రమట్టం దగ్గర 30 ప్రాంతంలో మిగలాలి. వాళ్లకు 400కు పైగా దొరికాయి. తర్వాత 1977లో యూరప్‌లోని కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో మ్యూయాన్లను ఉంగరంలాంటి గొట్టంలో తిప్పి కొలిస్తే, జీవితకాలం 64 మైక్రోసెకన్లకు పెరిగినట్టు తేలింది. 29 రెట్లు! సిద్ధాంతం చెప్పిందీ అంతే. పరీక్షలో రెండు మార్కుల కోసం కాల వ్యాకోచం (గడియారం ఇలా నెమ్మదించడం) సూత్రం బట్టీ పట్టే పిల్లలకు ఈ అంకెలు చూపించకపోవడం అన్యాయం అంటాను నేను.

ఇక ప్రోటాన్. స్థిరత్వానికి, వేగానికి సంబంధం లేదు. ఏ కణమైనా తనకన్నా తేలికైన కణాలుగానే విడిపోగలదు. అదీ విద్యుదావేశం, బేరియాన్ సంఖ్య (ప్రోటాన్, న్యూట్రాన్ లాంటి బరువు కణాల లెక్క) లాంటి ఖాతాలు సరిపోయినప్పుడే. బేరియాన్లలో అన్నిటికన్నా తేలికైంది ప్రోటాన్, కాబట్టి దానికి దిగడానికి మెట్టు లేదు. న్యూట్రాన్ దానికన్నా కొంచెం బరువు, అందుకే బయట ఒంటరిగా ఉంటే సగటున 15 నిమిషాల లోపే విడిపోతుంది. స్థిరమైన కేంద్రకంలో ఉంటే మాత్రం శక్తి లెక్క కుదరక అలాగే ఉండిపోతుంది. కదలకుండా కూర్చున్నా ఈ తేడా ఉంది చూడు.

ఈ బేరియాన్ ఖాతా ఎప్పుడైనా తప్పి, ప్రోటాన్ కూడా ఎప్పటికైనా విడిపోతుందేమోనని మనవాళ్లు 1980లలో జపాన్ వాళ్లతో కలిసి కోలార్ బంగారు గనిలో, నేల కింద రెండు కిలోమీటర్లకు పైగా లోతున, ఇనుప పలకల మధ్య కణాల జాడ పట్టే కౌంటర్లు పేర్చి కాపు కాశారు. అంత లోతుకు పోయింది ఎందుకనుకున్నావు? నువ్వడిగిన ఈ మ్యూయాన్ల తాకిడి తప్పించుకోవడానికే. కొన్ని సంకేతాలు వచ్చాయి కానీ నిర్ధారణ కాలేదు. ఆ తర్వాత ఇంకా పెద్ద పరికరాలతో వెతికినా ప్రోటాన్ విడిపోతుండగా ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు.