రాజీనామా రాసి పెట్టుకున్నాను, ఇవ్వనా?

ప్రశ్న: నా వయసు 28. పరవాడలో ఒక మందుల కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షించే) ల్యాబులో కెమిస్టుని. జీతం 19,500. నాలుగు నెలల క్రితం నైట్ షిఫ్టులో ఉన్నట్టుండి గుండె దడ, ఆయాసం, చేతులు తిమ్మిర్లు, ప్రాణం పోతోందన్న భయం. ఆసుపత్రికి తీసుకెళ్తే ఈసీజీ బాగానే ఉంది, గ్యాస్ అన్నారు. తర్వాత కంపెనీ బస్సులో రెండుసార్లు, ఇంట్లో నిద్రలో ఒకసారి వచ్చింది. ఇప్పటికి మూడు ఈసీజీలు అయ్యాయి. మెడికల్ షాపులో ఇచ్చిన, గాభరా తగ్గించే ఆల్ప్రాజోలం 0.25 మాత్రలు బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నాను. నెలకు నాలుగైదు వేసుకుంటాను. అమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. సంబంధాలు చూస్తున్నారు కాబట్టి మానసిక వైద్యుల దగ్గరికి వద్దంటోంది. రాజీనామా రాసి పెట్టుకున్నాను. ఇచ్చేయనా?

జవాబు: ఇవ్వకండి. ఉద్యోగం నచ్చక మానేస్తే అది వేరే మాట, గాభరా వల్ల మాత్రం వద్దు. మీరు రాసినవి ప్యానిక్ అటాక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రమైన గాభరా) లక్షణాలే. ఒకసారి వచ్చాక మళ్లీ వస్తుందేమోనన్న భయం నెలకు మించి ఉండి, దాని కోసం బస్సు మానేయడం, సెలవులు పెట్టడం మొదలైతే దాన్ని ప్యానిక్ డిజార్డర్ అంటారు. బస్సు ఎక్కని రోజు హాయిగానే ఉంటుంది. కానీ మెదడు ‘ఎక్కలేదు కాబట్టే బతికాను’ అని లెక్క రాసుకుంటుంది. మర్నాడు బస్సు ఇంకా భయంకరంగా కనిపిస్తుంది. రాజీనామా అంటే బస్సు, ల్యాబు, షిఫ్టు అన్నీ ఒకేసారి మానేయడం. ఆ తర్వాత కూరగాయల బజారుకు వెళ్లడానికీ తోడు కావాల్సి వస్తుంది.

ముందు శరీరం సంగతి తేల్చుకోండి. మూడు ఈసీజీలు చాలు, నాలుగోది వద్దు. థైరాయిడ్ (టీఎస్‌హెచ్), హిమోగ్లోబిన్, షుగర్ చూపించుకోండి. ఈ మూడింట్లో ఏది తేడా వచ్చినా దడ పుడుతుంది. ఆస్తమాకు ఇన్హేలర్ వాడుతున్నా, జలుబు మాత్రలు వేసుకుంటున్నా డాక్టరుకు చెప్పండి, అవీ గుండె వేగం పెంచుతాయి. నైట్ షిఫ్టులో నాలుగైదు టీలు తాగే అలవాటుంటే రెండుకు దించండి. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి వస్తుంది, వారం రోజుల్లో మెల్లగా తగ్గించండి. ఒళ్లు అలిసే పని చేస్తున్నప్పుడు ఛాతీలో నొప్పి వచ్చినా, అది చేతికో దవడకో పాకినా, స్పృహ తప్పినా మాత్రం ప్యానిక్ అనుకుని ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మీ ల్యాబు గురించి ఇంకో మాట. సాల్వెంట్ల (రసాయన ద్రావకాల) ఆవిరి ఎక్కువ పీల్చినా తల తిరుగుతుంది, వికారం పుడుతుంది. మీకు బస్సులోనూ నిద్రలోనూ వచ్చింది కాబట్టి అదొక్కటే కారణం కాదు. అయినా పక్క బెంచీవాళ్లకూ తలనొప్పులు వస్తుంటే ఫ్యూమ్ హుడ్ (ఆవిరిని బయటికి లాగే గూడు) సరిగా లాగుతోందో లేదో చూడమని సేఫ్టీవాళ్లకు చెప్పండి.

అటాక్ వచ్చినప్పుడు జరిగేది ఇది. భయంతో ఊపిరి వేగంగా, పైపైన తీస్తారు. రక్తంలోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది. దాంతో వేళ్లు, పెదవుల చుట్టూ తిమ్మిర్లెక్కుతాయి, తల తేలిపోతుంది. మీరు గాలి ఆడటం లేదనుకుని ఇంకా గట్టిగా పీలుస్తారు, అది ఇంకా ముదురుతుంది. సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, అరగంటలోపు దానంతటదే దిగిపోతుంది. గట్టిగా పీలిస్తే ముదురుతుంది కాబట్టి ‘గాఢంగా ఊపిరి పీల్చు’ అని పక్కవాళ్లు చెప్పే సలహా పనికిరాదు. ముక్కుతో మెల్లగా నాలుగు అంకెలు లెక్కపెడుతూ తీసుకుని, ఆరు అంకెల వరకు వదలండి. ఛాతీ కాదు, పొట్ట కదలాలి. కాగితం కవరు మూతికి పెట్టుకోవద్దు, ఒకవేళ అది నిజంగా గుండె సమస్యో ఆస్తమానో అయితే ప్రమాదం.

బెంచీ దగ్గర వస్తే ముందు చేతిలో ఉన్నది కింద పెట్టండి. యాసిడ్ సీసా మూత బిగించండి, పక్కవాళ్లకు ‘రెండు నిమిషాలు చూడు’ అని చెప్పి వాష్‌రూముకు పరుగెత్తకుండా దగ్గర్లోని స్టూలు మీదే కూర్చోండి. పూర్తిగా తగ్గేదాకా ఆగక్కర్లేదు. సగం తగ్గాక తేలిక పని మొదలుపెట్టండి, తూకాలు తర్వాత చూసుకోవచ్చు.

వైద్యం రెండు రకాలు. రెండూ పనిచేస్తాయి, చాలామందికి కలిపి ఇస్తారు. మొదటిది సీబీటీ అనే మాటల వైద్యం. వారానికొకటి చొప్పున పది పన్నెండు సెషన్లు పడుతుంది. ఇందులో అసలు పని, భయపడే లక్షణాలను కావాలని తెప్పించుకోవడం. నిలబడ్డచోటే ఒక నిమిషం పరుగెత్తితే దడ వస్తుంది. తిరిగే కుర్చీలో నిమిషం తిరిగితే కళ్లు తిరుగుతాయి. జ్యూస్ ప్యాకెట్టుకుండే సన్న స్ట్రాతో నిమిషంసేపు ఊపిరి తీస్తే ఆయాసం తెలుస్తుంది. ఒక్కోటి రోజుకు మూడు నాలుగుసార్లు చేసి, ప్రతిసారీ భయానికి పదికి ఎన్ని మార్కులో రాయాలి. ఎనిమిది, ఆరు, నాలుగు అంటూ దిగుతుంది. ఆస్తమా, గుండె జబ్బు, ఫిట్స్ ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా చేయకూడదు. బస్సుకూ ఇలాగే. మొదట తలుపు పక్క సీటు, తర్వాత మధ్య సీటు, చివరికి ఆల్ప్రాజోలం ఇంట్లో వదిలేసి వెనక సీటు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. భయం పుట్టగానే తర్వాతి స్టాపులో దిగిపోతారు. భయం కొంతైనా దిగాకే బస్సు దిగాలి.

రెండోది మందు. సాధారణంగా ఎస్సిటాలోప్రామ్ గానీ సెర్ట్రలీన్ గానీ ఇస్తారు. ప్యానిక్ ఉన్నవాళ్లకు తక్కువ మోతాదుతో మొదలుపెట్టడం మంచిది, ఎస్సిటాలోప్రామ్ అయితే 5 మిల్లీగ్రాములు, వారం తర్వాత 10. మొదటి వారం పది రోజులు వికారం, తలనొప్పి, ఒక్కోసారి గాభరా కాస్త పెరగడం ఉంటుంది. చాలామంది నాలుగో రోజునే పడలేదని మానేస్తారు. గుణం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు కావాలి. బాగయ్యాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా దించాలి. హఠాత్తుగా ఆపితే తల తిరగడం, ఒళ్లంతా జివ్వుమనడం వస్తాయి. ఇవి ఆల్ప్రాజోలంలా అలవాటుపడే మందులు కావు.

అలవాటుపడేది మీ బ్యాగులో ఉన్నదే. అది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. నెలకు నాలుగైదు కాబట్టి ఇప్పటికి ఇబ్బంది లేదు, కానీ ఆ లెక్క డాక్టరుకు దాచకండి. రోజూ వేసుకునే స్థితికి వస్తే సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. అది వేసుకున్న రోజు మగత ఉంటే గాఢ యాసిడ్ల పని, స్కూటీ రెండూ వద్దు.

డబ్బు సంగతి. మీ జీతం 21,000 లోపు కాబట్టి పే స్లిప్పులో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కోత ఉండాలి, చూడండి. ఉంటే కన్సల్టేషన్, మందులు దాని మీద దొరుకుతాయి. ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్‌తో సెలవు పెడితే, ఈఎస్ఐ చందా కట్టిన రోజులు సరిపడా ఉన్నవాళ్లకు ఏడాదికి 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం వస్తుంది. మొదటి రెండు రోజులకు మాత్రం రాదు. నాకైతే మీకు నెలల సెలవు అవసరం కనిపించడం లేదు. మందు మొదలుపెట్టిన మొదటి నాలుగైదు రోజులు చాలు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఇంటి నుంచే మొదలుపెట్టాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కు ఫోన్ చేయండి, ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడొచ్చినా ఆ రాత్రే చేయండి.

ఆఫీసులో అందరికీ చెప్పక్కర్లేదు. షిఫ్ట్ ఇన్‌ఛార్జికి ఇంత చాలు: ‘సార్, ఒక ఆరోగ్య సమస్యకు మందులు వాడుతున్నాను. అప్పుడప్పుడు పది నిమిషాలు కూర్చోవాల్సి వస్తుంది. ఈ నెల నైట్ షిఫ్ట్ తప్పిస్తే బాగుంటుంది, డాక్టరు చీటీ ఇస్తాను.’ నిద్ర చెడితే అటాకులు పెరుగుతాయి కాబట్టి నైట్ షిఫ్ట్ తప్పించమని అడగడమే ముఖ్యం. చీటీలో ఏం రాస్తున్నారో ముందే అడగండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, మీ అనుమతి లేకుండా మీ వైద్యం వివరాలు డాక్టరు బయటపెట్టకూడదు. కంపెనీకైనా, సంబంధం వాళ్లకైనా.

అమ్మగారితో తాయెత్తు గురించి వాదించకండి, ఉండనివ్వండి. ఒక్కసారి ఆవిడను వెంట తీసుకెళ్లండి, ఓపీలో కూర్చున్నవాళ్లను చూస్తే సగం భయం పోతుంది. పెళ్లిచూపుల్లో ఇవన్నీ చెప్పక్కర్లేదు. సంబంధం ఖాయమయ్యే ముందు మాత్రం అబ్బాయితో మీరే నేరుగా చెప్పండి. దాచినవాళ్లు ఏం చేస్తారంటే, పెళ్లికి వారం ముందు మాత్రలు ఆపేస్తారు. సరిగ్గా ఆ హడావుడిలోనే అటాక్ తిరగబెడుతుంది.

ఓపీలో మీకు దొరికేది ఐదు నిమిషాలు. ఎన్నిసార్లు వచ్చింది, ఎక్కడ, ఎంతసేపు, ఏ మాత్రలు ఎన్ని వేసుకున్నారు, రోజుకు ఎన్ని టీలు, ఏయే పనులు మానేశారు, అన్నీ ఒక కాగితం మీద రాసి, మూడు ఈసీజీలూ జతచేసి తీసుకెళ్లండి.