ఉచిత డైపర్లతో మిగిలేది వంద డాలర్లు కాదు, ముప్పై

ఈ వారం ఉత్తరం అమెరికా నుంచి వచ్చింది. టెనసీ రాష్ట్రంలో, నాష్‌విల్లే పక్కన మర్ఫ్రీస్‌బోరోలో ఉంటున్న ఒక పాఠకుడు రాశారు. పేరు, కంపెనీ తీసేసి, ఉత్తరాన్ని కొంచెం కుదించి ఇస్తున్నాను.

"సార్, నేను హెచ్1బి (ఉద్యోగ వీసా), నా భార్య హెచ్4 (హెచ్1బి వాళ్ల కుటుంబానికిచ్చే వీసా). పోయిన ఏడాది లేఆఫ్ అయ్యాక ఒక కన్సల్టెన్సీలో ఏడాదికి 61 వేల డాలర్లకు చేరాను. చేతికి నెలకు 4,300 వస్తుంది. బాబుకు 7 నెలలు, ఇక్కడే పుట్టాడు. కంపెనీ ఇన్సూరెన్స్‌లో వాణ్ణి చేర్చాలంటే చాలా కట్ అవుతుందని కవర్‌కిడ్స్‌లో (రాష్ట్రం పిల్లలకిచ్చే ఆరోగ్య బీమా) పెట్టాం. డైపర్ల ఖర్చు భరించలేకపోతున్నాం. మా రాష్ట్రంలో ప్రభుత్వమే డైపర్లు ఇస్తుందని ఫ్రెండ్ చెప్పాడు. తీసుకుంటే గ్రీన్ కార్డుకు ఇబ్బందా? షాద్‌నగర్ దగ్గర ఒక ప్లాట్ ఉంది, నాన్నగారి పేరు మీద లోన్, ఈఎంఐ 38 వేలు నేనే పంపుతున్నాను. ఏజెంట్ పక్క ప్లాట్ కూడా తీసుకోమంటున్నాడు. డైపర్లు ఫ్రీగా వస్తే నెలకు వంద డాలర్లు మిగులుతాయి కదా. క్రెడిట్ కార్డు వాళ్లు పంపిన జీరో పర్సెంట్ చెక్కుతో అడ్వాన్స్ ఇచ్చేసి, ఆ వందతో తీర్చేయొచ్చా?"

ఉత్తరం చివర ఆయన ఇంకో వాక్యం రాశారు. "మార్చిలో కారు ఆగిపోతే 1,500 ఫ్లెక్స్ లోన్ తీసుకున్నాను, అది నడుస్తోంది." అంత చిన్నగా రాసిన ఆ వాక్యమే నాకు అసలు ఉత్తరంలా కనిపించింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు డైపర్లు. తీసుకోండి. మొహమాటం అక్కర్లేదు. అమెరికాలో ఫుడ్ స్టాంపులతో (అక్కడ స్నాప్ అంటారు) డైపర్లు కొనడానికి వీల్లేదు. తల్లీబిడ్డలకిచ్చే విక్‌తోనూ కుదరదు. రెండూ తిండి పథకాలు, డైపర్ తినే వస్తువు కాదు కాబట్టి లిస్టులో లేదు. ఆ ఖాళీని చాలా ఏళ్లు డైపర్ బ్యాంకులే పూడ్చాయి. విరాళాలు పోగు చేసి, చర్చిల ద్వారా, సేవా సంస్థల ద్వారా పంచే చోట్లవి. కాంగ్రెస్ డైపర్ల పంపిణీ కోసమే ఒక ప్రయోగ పథకానికి 2022లో కోటి డాలర్లు, ఆ తర్వాతి ఏడాది రెండు కోట్లు ఇచ్చింది. అంత పెద్ద దేశానికి అది ఏ మూలకూ చాలదు. డైపర్ బ్యాంకుల జాతీయ సంఘం 2023లో చేయించిన సర్వేలో, చిన్నపిల్లలున్న కుటుంబాల్లో దాదాపు సగం సరిపడా డైపర్లు కొనలేకపోతున్నామని చెప్పాయి. కాబట్టి ఇది మీ ఒక్కరి ఇంటి సంగతి కాదు.

మీ రాష్ట్రం ఈ విషయంలో మిగతావాటికంటే ముందుంది. 2024 ఆగస్టు నుంచి టెన్‌కేర్ (తక్కువ ఆదాయం వాళ్లకు రాష్ట్రమిచ్చే ఆరోగ్య బీమా), కవర్‌కిడ్స్ ఉన్న రెండేళ్లలోపు పిల్లలకు నెలకు 100 డైపర్ల దాకా ఫార్మసీలో ఇస్తున్నారు. మీ బాబు కవర్‌కిడ్స్‌లోనే ఉన్నాడు కాబట్టి కొత్తగా చేరాల్సిన పథకమేమీ లేదు. ఏ ఫార్మసీలో స్టాకుందో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. సైజు కూడా ఆ నెల సరిపోయేదే అడగండి. మీ ఆవిడ సేల్లో నాలుగు బాక్సులు సైజు 2 కొనిపెట్టారని, బాబు మూడు వారాల్లోనే సైజు 3కి వచ్చేశాడని, రెండు బాక్సులు సీలు కూడా తీయకుండా క్లోజెట్‌లో ఉన్నాయని రాశారు. ఆ రెండూ డైపర్ బ్యాంకుకు ఇచ్చేయండి. ఇక నుంచి ఏ సేల్ అయినా ఒక్క నెలకు సరిపడానే కొనండి.

గ్రీన్ కార్డు సంగతి. ప్రభుత్వ సాయం మీదే బతుకుతారనుకున్న వాళ్లకు గ్రీన్ కార్డు నిరాకరించవచ్చు, దాన్నే పబ్లిక్ చార్జ్ అంటారు. 2022 డిసెంబరు 23న అమల్లోకి వచ్చిన ఆ నిబంధన ప్రకారం అమెరికా పౌరుడైన బిడ్డ తీసుకునే సాయం తల్లిదండ్రుల లెక్కలోకి రాదు. మీ బాబు అమెరికా పౌరుడు. అయితే ఆ నిబంధనను తీసేయాలని 2025 నవంబరులో ప్రభుత్వం ప్రతిపాదన పెట్టింది. అందుకని మీ ఫైలు చూస్తున్న అటార్నీకి ఒక మెయిల్ పెట్టి, జవాబు రాతలో తీసుకోండి. వాట్సాప్ గ్రూపులో ఎవరో అన్నారని బాబు ఇన్సూరెన్స్ మాత్రం రద్దు చేయకండి.

ఇక మీ లెక్క. డైపర్లు ఫ్రీగా వస్తే వంద డాలర్లు మిగులుతాయని రాశారు. ఏడు నెలల పిల్లవాడికి రోజుకు ఆరేడు పడతాయి, అంటే నెలకు రెండొందలు. ప్రభుత్వం ఇచ్చేది అందులో సగం. స్టోర్ బ్రాండ్ ఒక్కోటి 25 నుంచి 30 సెంట్లు. వంద డైపర్ల విలువ పాతిక నుంచి ముప్పై డాలర్లు. మీకు నిజంగా మిగిలేది అంతే! ఆ ముప్పైని మీరు వందగా వేసుకుని, ఆ వంద మీద 22 లక్షల రెండో ప్లాట్ నిలబెట్టారు.

ఈ ఉత్తరానికే జవాబు రాయాలనుకోవడానికి కారణం అదే. ఇలాంటివి నెలకు రెండు మూడు వస్తాయి. డైపర్ల బదులు కొందరికి టాక్స్ రిఫండ్, కొందరికి ఫీజు రీయింబర్స్‌మెంట్, కొందరికి డీఏ బకాయిలు. ఎక్కడి నుంచో కాస్త వెసులుబాటు రాగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "దీని మీద ఎంత ఈఎంఐ కట్టొచ్చు?" అనే. ఖాతాలో పది రోజులు ఆ డబ్బును కదలకుండా ఉంచడం మనకు చేతకాదు.

మీరు పంపిన ఖర్చులు ఒకసారి వరసగా వేసి చూపిస్తాను. అద్దె 1,650. కారు వాయిదా, ఇన్సూరెన్స్ కలిపి 560. సరుకులు, డైపర్లతో సహా 620. కరెంటు, నీళ్లు, ఫోన్లు, ఇంటర్నెట్ 330. పెట్రోలు 120. కార్డుల మీద మినిమమ్ 210. ఫ్లెక్స్ లోన్ 350. షాద్‌నగర్‌కు సుమారు 430. మొత్తం 4,270. వచ్చేది 4,300. మీ ముగ్గురికీ, నెల మొత్తానికీ కలిపి మిగిలేది 30 డాలర్లు. సేవింగ్స్ ఖాతాలో ఎంతుందని అడిగితే "ప్రస్తుతానికి 90" అని రాశారు.

ఇందులో డైపర్లకు పోయేది యాభై, యాభై ఐదు. డైపర్లు భరించలేకపోతున్నామని రాశారు గానీ, మీ నడ్డి విరుస్తున్నవి దాని పక్కనున్న మూడు అంకెలు. 210, 350, 430. మూడూ అప్పులే.

ఆ 350 ఉంది చూశారా, దాన్ని చూసి నాకు నిజంగా కోపం వచ్చింది. కారు ఆగిపోయింది, మెకానిక్ 1,400 అన్నాడు, మర్నాడు ఆఫీసుకు వెళ్లాలి, ఖాతాలో డబ్బు లేదు, రోడ్డు పక్కన అప్పులిచ్చే దుకాణం పచ్చ బోర్డు కనిపించింది. అదంతా నాకు అర్థమవుతుంది. కానీ సంతకం పెట్టేముందు ఆ కాగితం మీదున్న రేటు చదివారా? టెనసీ 2014లో చేసిన చట్టం ప్రకారం ఫ్లెక్స్ లోన్ మీద 24 శాతం వడ్డీ, దానిపైన రోజుకు 0.7 శాతం ఫీజు వేసుకోవచ్చు. రోజుకు 0.7 అంటే చిన్నగానే వినిపిస్తుంది. 365తో గుణించండి, 255.5 వస్తుంది. 24 కలిపితే ఏడాదికి 279.5 శాతం. 1,500 మీద నెలకు దాదాపు 350. మీరు కడుతున్నది సరిగ్గా అంతే. అంటే మార్చి నుంచి ఇప్పటిదాకా అసలులో ఒక్క డాలరు కూడా తగ్గలేదు. మన ఊళ్లో నూటికి పది రూపాయల వడ్డీ అంటే ఊరంతా ముక్కున వేలేసుకుంటుంది. ఇది నూటికి ఇరవై మూడు పైమాటే.

ఈ అప్పు డైపర్ల వల్ల రాలేదు. కారు వల్ల కూడా కాదు. కారన్నాక ఎప్పుడో ఒకసారి ఆగుతుంది. 1,400 ఖాతాలో లేకపోవడం వల్ల వచ్చింది. మార్చిలో షాద్‌నగర్‌కు మాత్రం ఈఎంఐ తేదీ తప్పకుండా వెళ్లింది. అంటే 279 శాతానికి అప్పు తెచ్చి ప్లాట్ వాయిదా కట్టారన్నమాట. ఏజెంట్ చెప్పినట్టు ట్రిపుల్ ఆర్ (రీజనల్ రింగ్ రోడ్డు) వచ్చి, రెండేళ్లలో భూమి డబుల్ అయినా ఆ వడ్డీ ముందు నిలవదు.

హెచ్1బి మీద ఉన్నవాళ్లకు ఎమర్జెన్సీ ఫండ్ అందరికంటే ఎక్కువ కావాలని నేను పదేపదే చెబుతుంటే చాదస్తమంటారు. ఉద్యోగం పోతే మీకుండేది గరిష్ఠంగా 60 రోజులు. ఆలోగా ఇంకో కంపెనీ మీ కోసం వీసా పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా దేశం వదలాలి. మధ్యలో డెలివరీ యాప్‌లో పనిచేసి అద్దె కట్టే వీలు కూడా లేదు. నిరుద్యోగ భృతి హెచ్1బి వాళ్లకు సాధారణంగా దొరకదు. కాబట్టి మీ ఫండ్ అంటే రెండు నెలల ఖర్చు, పైన హైదరాబాద్‌కు మూడు టికెట్లు. మీ ఇంటికి దాదాపు పది వేల డాలర్లు. అది అక్కడే, డాలర్లలో, మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉండాలి. "అవసరమైతే ప్లాట్ అమ్ముతాం" అని రాశారు. పండగ పూట కారు టో చేయించుకోవాలంటే ప్లాట్‌లో ఏ మూల అమ్ముతారు?

నేను ఊరికే అనడం లేదు. 2009లో నా ఉద్యోగం పోయిన రోజు నా ఖాతాలో 212 డాలర్లున్నాయి, విజయవాడలో మాత్రం రెండు ప్లాట్లు. రూమ్మేట్ పెట్టిన అన్నం తిన్నాను మూడు నెలలు.

ఏం చేయాలంటే, ఈ వారమే ఒక క్రెడిట్ యూనియన్‌లో (మన సహకార బ్యాంకు లాంటిది) సభ్యుడిగా చేరి పేడే ఆల్టర్నేటివ్ లోన్ ఇస్తారా అని అడగండి. అన్ని చోట్లా ఇవ్వరు, రెండు మూడు చోట్ల అడగాల్సి రావచ్చు. ఫెడరల్ క్రెడిట్ యూనియన్లు ఇచ్చే ఈ లోన్‌కు వడ్డీ 28 శాతం దాటకూడదు. 2,000 దాకా ఇవ్వొచ్చు. 1,500 తీసుకుని ఫ్లెక్స్ లోన్ ఒక్కసారిగా మూసేయండి. ఆరు నెలలకు పెట్టుకుంటే నెలకు 271 పడుతుంది, మొత్తం వడ్డీ 125 డాలర్లు. ఇప్పుడు పదిహేను రోజుల్లోనే అంతకంటే ఎక్కువ కడుతున్నారు. అక్కడ కుదరకపోతే డల్లాస్‌లో బావగారున్నారని రాశారుగా, ఆయన్నే అడగండి. సిగ్గుపడాల్సింది బావగారి దగ్గర కాదు, ఆ పచ్చ బోర్డు దగ్గర.

జీరో పర్సెంట్ చెక్కు చింపేయండి. సాధారణంగా దానికి మొదట్లోనే మూడు నుంచి ఐదు శాతం ఫీజు ఉంటుంది. గడువు దాటాక మిగిలిన అప్పంతా మామూలు కార్డు వడ్డీలోకి వెళ్తుంది. రెండో ప్లాట్ గురించి ఇంకేం రాయను. ఏజెంట్ నంబరు బ్లాక్ చేయండి.

మొదటి ప్లాట్ మాట నాన్నగారితో కూర్చుని మాట్లాడాలి, అది తేలిక కాదని నాకు తెలుసు. లోన్ ఆయన పేరు మీదుంది కాబట్టి మీరు చెప్పాపెట్టకుండా వాయిదా ఆపేస్తే దెబ్బ ఆయన సిబిల్ మీద పడుతుంది. ముందు మీ నెల లెక్క ఆయనకు చూపించండి. చాలామంది పిల్లలు అమెరికాలో ముప్పై డాలర్లతో నెల గడుపుతున్నామని ఇంట్లో చెప్పరు, ఇంట్లోవాళ్లేమో కొడుకు లక్షలు వెనకేస్తున్నాడనుకుంటారు. ఆయన ఒక ఏడాది కట్టగలిగితే సరే. లేకపోతే కొన్న ధరకు వచ్చినా అమ్మేసి లోన్ తీర్చండి. "ఇంకాస్త పెరిగాక" అని మీరు ఆగిన ప్రతి నెలా 430 డాలర్లు పోతాయి.

టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకోండి, చిన్న బిడ్డ ఉన్నాడు. 401కే (రిటైర్మెంట్ పొదుపు), స్టాకులు, బాబు పేరు మీద 529 ఖాతా (చదువు కోసం పొదుపు) గురించి అడిగారు. ఫండ్ నిండే దాకా వాటి పేరెత్తకండి. మీ అత్తగారు పాత చీరలు చింపి గోచీ గుడ్డలు పంపిస్తానన్నారట. కాయిన్ లాండ్రీలో లోడ్‌కు ఎంత పడుతుందో లెక్కేసి చెప్పండి, ఆవిడే వద్దంటారు.

డైపర్ల వల్ల మిగిలే ఆ ముప్పైకి వేరే ఖాతా తెరవండి, వేరే బ్యాంకులో, డెబిట్ కార్డు లేకుండా. జీతం పడిన రోజే ఆటోమేటిక్‌గా వెళ్లిపోయేలా పెట్టండి. ఫ్లెక్స్ లోన్ మారగానే నెలకు మరో 79 మిగులుతుంది, అదీ అక్కడికే. ఈ రెండిటితోనే అయితే మొదటి వెయ్యి నిండడానికి తొమ్మిది, పది నెలలు పడుతుంది. ప్లాట్ వాయిదా ఆగితే రెండు నెలలు చాలు.

మీ బాబు సైజు 3 నుంచి 4కి రావడానికి ఇంకో రెండు మూడు నెలలుంటుంది. ఆలోగా ఫ్లెక్స్ లోన్ క్లోజ్ అయిన కాగితం ఫొటో తీసి నాకు పంపండి. బ్యాలెన్స్ సున్నా అని కనిపించాలి.