మట్టి స్నానం తర్వాత వెండి నల్లబడితే

జపాన్‌లోని బెప్పు వేడినీటి బుగ్గల్లో మట్టి స్నానం చేశాక వెండి పట్టీలు, మెట్టెలు నల్లబడ్డాయని అడిగారు కదా. నల్లబడింది మట్టి వల్ల కాదండీ, ఆ నీళ్ళలో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు వల్ల. బెప్పులో మ్యోబాన్ అనే ప్రాంతం వైపు వచ్చే కుళ్ళిన గుడ్ల వాసన అదే, వెండికి తగిలితే పైన సిల్వర్ సల్ఫైడ్ అనే నల్లటి పొర కడుతుంది. మీ పట్టీలు, మెట్టెలు పాడవలేదు, షాపువాడు మోసం చేశాడని కూడా అనుకోకండి.

చింతపండుతో తోమాను పోలేదు అన్నారు కదా, అది రాగికి ఇత్తడికి బాగా పనిచేస్తుంది, దీనికి కాదు.

1. గాజు గిన్నె అడుగున అల్యూమినియం ఫాయిల్ పరవండి.
2. పట్టీలు దాని మీద పెట్టండి. అందరూ తప్పేది ఇక్కడే, వెండి ఫాయిల్‌కి తగిలి ఉండాలి, ఫాయిల్‌కి తగలకుండా ఊరికే నీళ్ళలో ఉంటే ఎంతసేపు ఉంచినా ఏం అవ్వదు, సోడా పనిచెయ్యలేదని మళ్ళీ తిట్టుకుంటారు. మువ్వల పట్టీలైతే మధ్యమధ్యలో తిప్పుతూ అన్నివైపులా తగిలేలా చూడండి.
3. రెండు స్పూన్ల వంటసోడా, కాస్త ఉప్పు వేసి బాగా మరిగిన నీళ్ళు పొయ్యండి. మళ్ళీ అదే గుడ్ల వాసన వస్తే పని జరుగుతున్నట్టే.
4. ఐదు పది నిమిషాలాగి కడిగి మెత్తటి గుడ్డతో తుడవండి. ఇంకా నలుపుంటే కొత్త ఫాయిల్‌తో ఇంకోసారి.

రాళ్ళు, ముత్యాలు అతికించినవి, ఆక్సిడైజ్డ్ వెండి మాత్రం ఇందులో వెయ్యొద్దు, కంసాలికే ఇవ్వండి.

ఈసారి వెళ్తే లోపలికి దిగేముందే అన్నీ తీసి లాకర్లో పెట్టెయ్యండి. మెట్టెలు తియ్యకూడదని అత్తయ్యగారు అంటే, నల్లబడ్డ ఫోటో చూపించండి :)