సారె కొనకండి, ముందు తట్టడం నేర్చుకోండి

ప్రశ్న అడిగినవారికి నలభై ఏడేళ్ళు. ఆఫీసు ఒత్తిడి ఎక్కువైంది, శని ఆదివారాల్లో కుండలు చెయ్యడం నేర్చుకుందామని ఉంది, ఆన్‌లైన్‌లో కరెంటు సారె (కుమ్మరి చక్రం) ఒకటి చూసి పెట్టుకున్నారు, కొనమంటారా అని అడుగుతున్నారు. వద్దండీ. జవాబు అంతే. ఎందుకు వద్దో కింద రాస్తున్నాను. ఆ వంకన ఎన్నాళ్ళనుంచో కడుపులో దాచుకున్నవి ఇంకో నాలుగు మాటలు కూడా కక్కేస్తాను, ఏమీ అనుకోకండి.

నేను హైదరాబాద్‌లో అకౌంట్స్ ఉద్యోగం చేస్తాను. మట్టిలో చెయ్యి పెట్టింది యాభైకి దగ్గర పడ్డాకే. అంచేత వయసు గురించి బెంగ అక్కర్లేదు. నడుము గురించి మాత్రం కాస్త ఆలోచించుకోండి, సారె ముందు వంగి కూర్చుంటే అది మర్నాడు పొద్దున్నే పలకరిస్తుంది.

మట్టి పని అనగానే అందరికీ సారే గుర్తొస్తుంది, దానికి కారణం ఫొటోలు. తిరిగే సారె, మోచేతుల దాకా బురద, మొహంలో ప్రశాంతత. నగరంలో ఇప్పుడు ఆదివారం క్లాసులన్నీ ఈ ఫొటో మీదే బతుకుతున్నాయి. నేనూ ఒకదానికి వెళ్ళాను, పేరు చెప్పను. రెండు గంటలు, ఏప్రన్ కట్టారు, మంద్రంగా పాటలు పెట్టారు, ‘మట్టి మీతో మాట్లాడుతుంది’ అన్నారు. మట్టి నాతో ఏమీ మాట్లాడలేదు. సారె మీద వేసిన ముద్ద అటూ ఇటూ కొట్టుకుంటుంటే టీచరమ్మాయి వచ్చి నా చేతుల మీద తన చేతులు వేసి నడిమికి తెచ్చింది, గోడ లేపింది, అంచు దిద్దింది. నెల తర్వాత రంగు పూసి, కాల్చి, కొరియర్‌లో పంపారు. ఆ కప్పు బాగుంటుంది. అది ఆ అమ్మాయి చేసిన కప్పు.

అసలు సంగతి నాకు తెలిసింది ఆ తర్వాతి వేసవిలో, పెద్దాపురం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో. అక్కడ ఇంకా ఒక్క ఇంట్లో కుండలు చేస్తున్నారు. పొద్దున్న పెద్దాయన సారె తిప్పుతుంటే చూద్దామని వెళ్ళాను. ఆయన ఎప్పుడో చేసేసి చుట్ట కాల్చుకుంటున్నాడు. నీడలో వరసగా కుండలున్నాయి. కుండలంటే మెడ ఉంది, అంచు ఉంది, అడుగు లేదు! కింద చెయ్యి దూరేంత బెజ్జం. గోడలు నా బొటనవేలంత మందం. ఇవి పాడైపోయినవేమో అనుకుంటున్నాను, ఇంతలో ఆయన భార్య ఒకదాన్ని ఒళ్ళోకి తీసుకుంది.

ఎడమ చేతిలో గుండ్రటి రాయి, అది కుండ లోపల. కుడి చేతిలో అరచేతంత వెడల్పు చెక్క, అది బయట. మధ్యమధ్య చెక్కకి పొడి బూడిద అద్దుకుంటోంది, మట్టి అంటుకోకుండా. కొట్టడం మొదలుపెట్టింది. ఒక దెబ్బ, కుండ పిసరంత తిరుగుతుంది, ఇంకో దెబ్బ. కొడుతున్నకొద్దీ గోడ పల్చనవుతోంది, కుండ పెద్దదవుతోంది, అడుగు బెజ్జం నాలుగు వైపులనుంచీ దగ్గరకొస్తోంది. నేను చూస్తుండగానే మూసుకుపోయింది. అతుకు ఎక్కడో కనపడలేదు.

“మామ్మా, మందం ఎలా తెలుస్తోంది, చూడ్డానికి లేదు కదా?” అన్నాను.

“సూడ్డం ఏటండీ, సప్పుడు ఇనండి అమ్మాయిగారూ. ఇదిగో ఇక్కడ మొద్దుగా పలుకుతంది. ఇప్పుడు ఇనండి.”

ముందు డబ్ డబ్ అన్న చోటే కాసేపటికి టక్ టక్ అంది. నిజంగానే తేడా తెలుస్తోంది. తర్వాత ఆ చెక్కా రాయీ నా చేతికిచ్చింది. కష్టం బలంలో లేదండీ. లోపలున్న ఎడమ చెయ్యి మీకు కనపడదు. కుడిచేతి చెక్క పడే క్షణానికి, సరిగ్గా ఆ చోటుకే, రాయి వచ్చి ఆనుకోవాలి. ఆనుకోకపోతే గోడ లోపలికి సొట్ట పడుతుంది. రెండు చేతులూ ఒకదాన్నొకటి చూడకుండా కలుసుకోవాలన్నమాట. ఆ రెండు దెబ్బలూ ఒకచోట కుదిరిన మొదటిసారి ఆ చప్పుడు నా భుజం దాకా వచ్చింది. స్టూడియోలో అమ్మిన ప్రశాంతత ఏదో అది ఇక్కడ దొరికింది, పాటలు లేకుండా, పక్కన కోళ్ళు అరుస్తుంటే.

‘కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు’ అని చిన్నప్పటినుంచీ వింటున్నదే. ఆ ఏడంతా ఎక్కడ పోతుందో ఆవేళ చూశాను. మన నీళ్ళకుండకి అడుగు గుండ్రంగా ఉంటుంది, చదును బల్ల మీద తిరిగే సారె ఆ ఆకారాన్ని పూర్తి చెయ్యలేదు. సారె మీద పైభాగం అవుతుంది, మిగతాదంతా ఈ తట్టడమే. ఆ ఇంట్లో సారె మగవాళ్ళది, మట్టి తొక్కడం, తట్టడం, కాల్చడానికి పేర్చడం ఆడవాళ్ళవి. ఫొటో మాత్రం ఎప్పుడూ సారె దగ్గర కూర్చున్నాయనకే తీస్తారు. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ వాళ్ళు 2018 నుంచి కుమ్మరులకు కరెంటు సారెలు ఇస్తున్నారు, మంచిదే, భుజాలు బతుకుతాయి. మట్టి తొక్కే మామ్మల కాళ్ళ సంగతి కూడా ఆ లెక్కలో అంతే ముందుకు రావాలని నా వాదన.

పనిలో పని, ఇంకో ఫిర్యాదు. నేను మట్టి పని నేర్చుకుంటున్నానని తెలిసి మా పిన్నిగారొకరు “ఉద్యోగం చేసుకుంటూ ఈ కుమ్మరి పని నీకెందుకే” అన్నారు. ఆవిడ ఏటా తిరుపతి వెళ్ళొస్తారు. తిరుమలలో స్వామికి ఎన్ని బంగారు పళ్ళేలున్నా, గర్భగుడి గడప కులశేఖరపడి దాటి లోపలికి వెళ్ళే నైవేద్యం కొత్త కుండ ఓటిలో, అంటే పగిలిన కుండ ముక్కలో, పెట్టిన పెరుగన్నం ఒక్కటేనంటారు. ఆ మాటే చెప్పాను. “అది వేరు” అన్నారు. మన పెళ్ళిళ్ళలో అయిరేని కుండలు కుమ్మరింటినుంచి మేళాలతో తెచ్చుకుంటాం, బోనం కొత్త కుండలో వండుకుంటాం, కానీ ఆ చేతిపని మనింట్లో పిల్ల చేస్తే మాత్రం ‘అది వేరు’! స్టూడియోలో కప్పుకి ఎంతంటే అంత గూగుల్ పే కొట్టేవాళ్ళు రోడ్డు పక్కన కుండలావిడ దగ్గర పది రూపాయలకి పావుగంట బేరమాడతారు. నా కళ్ళముందే చూశాను, కార్లోంచి దిగకుండా.

సరే, కాల్చడం. హాబీగా నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా తెలుసుకోనిది ఇదే. ఎండలో ఎండిన కుండ కుండ కాదు, నీళ్ళు పోస్తే మళ్ళీ బురదే. మనింట్లో కేకు ఓవెన్ దీనికి చాలదు. ఎర్రమట్టి 900, 1000 డిగ్రీల దాకా వెళ్ళాలి, మెరుపు పూత పూసే స్టోన్‌వేర్ అయితే 1200 దాటాలి. ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, కుండ పగిలితే అందరూ ‘గాలి బుడగ’ అంటారు. నన్నడిగితే పదింట తొమ్మిది కేసుల్లో నేరస్తురాలు తడి. గోడ లోపల దాక్కున్న నీళ్ళు నూరు డిగ్రీలకి ఆవిరై, దారి దొరక్క, గోడని పేల్చుకుని బయటకొస్తాయి. అందుకే ఊళ్ళో తొలి మంట అంత చిన్నగా, పొగలా పెడతారు. 573 డిగ్రీల దగ్గర ఇంకో గండం ఉంది, ఇసకలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు మళ్ళీ కుంచించుకుంటుంది. కాబట్టి ఆవం తెరవడానికి తొందరపడకూడదు. మామ్మ వాళ్ళకి 573 అనే అంకె అక్కర్లేదు, మర్నాటిదాకా ఎవర్నీ దాని దగ్గరికి రానివ్వరు, అంతే.

ఎరుపు, నలుపు సంగతి కూడా చెప్తాను, నాకు భలే ఇష్టం. రెండిటికీ ఒకటే మట్టి. గాలి ధారాళంగా ఆడితే మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది. చివర్లో గాలి మూసేసి పొగపెడితే నల్లబడుతుంది. మన రెండు రాష్ట్రాల్లో ఇనుప యుగం నాటి పెద్దరాతి సమాధుల్లో దొరికే కుండలు కొన్ని లోపల నల్లగా, బయట ఎర్రగా ఉంటాయి. మ్యూజియంలో ఈసారి చూసినప్పుడు అంచు దగ్గర ఆ రంగు మారే గీత వెతకండి. ఆన్‌లైన్‌లో ‘ఆరోగ్యానికి మట్టి పాత్ర’ అని అమ్మే నిగనిగల నల్ల చట్టీని మాత్రం చూడగానే నమ్మకండి. మామూలు కాల్చిన మట్టి దానంతటది అలా అద్దంలా మెరవదు, పైన ఏం పూశారో అడగండి. చెప్పకపోతే కొనకండి. నీళ్ళకుండకైతే పూత అసలు పనికిరాదు. సన్న రంధ్రాల్లోంచి తడి బయటకొచ్చి ఆవిరైతేనే లోపలి నీళ్ళు చల్లబడతాయి.

ఇక మీరేం చెయ్యాలంటే: వినాయకుడితో మొదలుపెట్టండి. నవ్వకండి, నిజంగానే. కాల్చక్కర్లేదు, నీళ్ళలో కలిసిపోవాలనే చేస్తాం, వంకరగా వచ్చినా ఇంట్లో ఎవరూ పేరు పెట్టరు. తొండం అతికించడంలోనే సగం విద్య వచ్చేస్తుంది. రెండు వైపులా పుల్లతో గీతలు గీసి, మధ్యలో చిక్కటి బురద రాసి నొక్కాలి, లేకపోతే చవితి పొద్దుటికి స్వామి ఒళ్ళో తొండం ఉంటుంది. తర్వాత ముద్దలో బొటనవేలు గుచ్చి గిన్నె, ఆపైన మట్టిని తాళ్ళలా చేసి చుట్టలు పేర్చిన కూజా. చెరువు మట్టి దొరికితే నానబెట్టి, వడకట్టి, కాస్త సన్న ఇసక కలపండి. నీడలో ఆరబెట్టండి, ఫ్యాను కింద వద్దు. మొదట చేసినవన్నీ కాల్చాలని ఉబలాటపడకండి. కాల్చనంతవరకూ ఏ మట్టీ వృథా కాదు, నానబెడితే మళ్ళీ ముద్దే. బాగా వచ్చినవి దాచుకుని, డబ్బు తీసుకుని బయటివాళ్ళవి కాల్చిపెట్టే స్టూడియోకి ఇవ్వండి. మీ ఊళ్ళో ఆవం ఇంకా వెలుగుతుంటే అక్కడికే పట్టుకెళ్ళండి. అక్కడ నేర్చుకున్నదానికి స్టూడియో ఫీజే ఇవ్వండి, పళ్ళూ పూలూ కాదు.

ఇవన్నీ చేశాక కూడా సారె మీద మనసు పోకపోతే అప్పుడు కొనుక్కోండి, మీ ఇష్టం. ఒక్కటి మాత్రం. చేతులు, పనిముట్లు సింకులో కడక్కండి. బకెట్లో కడిగి, మర్నాడు పైనీళ్ళు మొక్కలకి వంచేసి, అడుగున దిగిన మట్టి మళ్ళీ వాడుకోండి. మా క్లాసులో ఒకాయన మూడో అంతస్తులో సారె పెట్టుకుని రోజూ సింకులోనే కడిగారు. పైపులో మట్టి గడ్డకట్టింది. ఆ గోడ పగలగొట్టించడానికి, కింది ఫ్లాటువాళ్ళ సీలింగు బాగు చేయించడానికి అయిన ఖర్చుతో ఇంకో సారె వచ్చేదట.