చదువు మానేసి రికార్డ్ ప్రొడ్యూసర్ అవుతానంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మెకానికల్ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచి ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఇప్పుడు కాలేజీ మానేసి చెన్నై వెళ్తాను, రికార్డ్ ప్రొడ్యూసర్ అవుతాను అని పట్టుబట్టాడు. అమెరికాలో బుకర్ టీ జోన్స్ అనే ఆయన 17 ఏళ్ళకే హిట్ కొట్టాడట, తనకు 19 వచ్చేశాయట. ఇంట్లో రోజూ గొడవే. ఏం చెప్పాలో తోచడం లేదు.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీవాడు మంచి మనిషినే ఎంచుకున్నాడు. కాకపోతే కథ సగమే చెప్పాడు.

బుకర్ టీ జోన్స్‌ది అమెరికాలోని మెంఫిస్ నగరం. ఆయన కూడా చర్చిలో ఆర్గన్ వాయించినవాడే. ఆ ఊళ్ళో పాత సినిమా హాలును స్టూడియోగా మార్చుకున్న స్టాక్స్ అనే రికార్డింగ్ కంపెనీ ఉండేది. 1962లో అక్కడ వేరే గాయకుడి రికార్డింగ్ సెషన్‌కని వెళ్ళి, ఖాళీ దొరికితే తోటివాళ్ళతో కలిసి ఊరికే ఒక ట్యూన్ వాయించాడు. అదే ‘గ్రీన్ ఆనియన్స్’. మాటల్లేవు, హామండ్ అనే కరెంటు ఆర్గన్ మీద నడిచే బ్లూస్ (అమెరికా నల్లజాతివారి సంగీతం), అంతే. అమెరికా పాప్ చార్టులో 3వ స్థానం దాకా వెళ్ళింది. 17 ఏళ్ళన్నది నిజమే.

మరి ఆ తర్వాత ఏం చేశాడో మీవాణ్ణి అడగండి. వెళ్ళి ఇండియానా యూనివర్సిటీలో చేరాడు! పాట రేడియోల్లో మోగుతుండగానే ఆయన క్లాసులో కూర్చున్నాడు. శని, ఆదివారాలు వచ్చాయంటే దాదాపు 400 మైళ్ళు ప్రయాణం చేసి మెంఫిస్‌లో సెషన్లు వాయించేవాడు. తను లేని రోజుల్లో ఐజాక్ హేస్ అనే మరో వాద్యకారుడు ఆ సీట్లో కూర్చునేవాడు. చివరికి పట్టా పుచ్చుకున్నాడు.

ఇది చదివి వెంటనే “చూశావా?” అంటూ మీవాడి మీదికి వెళ్ళకండి. జోన్స్ చదివింది సంగీతం, మెకానికల్ కాదు. మీవాడు ఆ మాట అన్నాడంటే మీ దగ్గర జవాబు ఉండదు. స్వరాలు రాయడం, ఏ వాయిద్యానికి ఏ భాగం ఇవ్వాలో తేల్చడం లాంటివి ప్రొడ్యూసర్‌కు రోజూ అవసరమయ్యే పనులు. ఆయన చదువు నేరుగా ఆ పనికే ఉపయోగపడేది. మీవాడి డిగ్రీ అలా ఉపయోగపడదు, దాని లాభం వేరు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఈ పనేమిటో మీకూ తెలియాలి. మన దగ్గర ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేవాడనుకుంటాం. వీళ్ళు రికార్డింగ్‌ను నడిపించేవాళ్ళు. 1971లో బిల్ విథర్స్ అనే కొత్త గాయకుడి తొలి ఆల్బమ్‌కు జోన్స్ ప్రొడ్యూసర్. విథర్స్ అప్పటికి విమానాల విడిభాగాల ఫ్యాక్టరీలో కార్మికుడు. ‘ఐంట్ నో సన్‌షైన్’ పాటలో ఒకచోట చరణం ఇంకా రాయలేదు. అక్కడ రెండే రెండు మాటలు 26 సార్లు పాడి, తర్వాత మాటలు నింపుదామనుకున్నాడు. అలాగే ఉంచెయ్ అన్నాడు జోన్స్. ఈరోజుకీ ఆ పాట అనగానే జనానికి గుర్తొచ్చేది ఆ ముక్కే. బాగా వాయించేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. ఎక్కడ చెయ్యి పెట్టకూడదో తెలిసినవాడికే ఈ పని దొరుకుతుంది. అది క్లాసులో రాదు, సెషన్లలో కూర్చుంటేనే వస్తుంది. ఆ తర్వాత 1978లో విల్లీ నెల్సన్ ‘స్టార్‌డస్ట్’ ఆల్బమ్ కూడా జోన్సే చేశాడు. సోల్ (నల్లజాతి అమెరికన్ల పాటల ధోరణి) నుంచి వచ్చినవాడు కంట్రీ (అమెరికా పల్లె పాటల ధోరణి) గాయకుడికి పని చేయగలిగాడంటే, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో తెలిసిన ఆ చెవే కారణం.

ఇక డబ్బు సంగతి. మీరు టెన్షన్ పడాల్సింది ఇక్కడే. సెషన్‌కు వెళ్ళి వాయిస్తే ఆ రోజు కూలీ వస్తుంది. పాట ఎంత ఆడినా మళ్ళీ మళ్ళీ డబ్బు రావాలంటే ట్యూన్ మీద హక్కు ఉండాలి. మన దేశంలో 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, పాట రాసినవారికీ ట్యూన్ కట్టినవారికీ రాయల్టీలో వాటా దక్కేలా చేశారు. అయినా కాగితం చదవకుండా సంతకం పెట్టేవాళ్ళకు కొదవలేదు. కుర్రాళ్ళ మాట అటుంచండి, స్టాక్స్ కంపెనీయే 1965లో పంపిణీ ఒప్పందం మీద సరిగా చదవకుండా సంతకం చేసింది. తన మాస్టర్ రికార్డింగులు (పాటల అసలు రికార్డింగులు) పంపిణీ చేసే అట్లాంటిక్ కంపెనీ పాలయ్యాయని దానికి 1968లో గానీ తెలియలేదు.

అందుకే నా మాట: డిగ్రీ మానొద్దు. ఇంజినీరింగ్ గొప్పదని కాదు. మొదటి నాలుగైదేళ్ళు సెషన్ల సంపాదనతో చెన్నైలో అద్దె కట్టడం కష్టం. ఆ పట్టా చేతిలో ఉంటే ఏ కాగితం ఇస్తే దాని మీద సంతకం పెట్టే అవసరం రాదు. బదులుగా శని, ఆదివారాలు పూర్తిగా వాడికే వదిలేయండి, సెలవుల్లో స్టూడియోలకు వెళ్తానంటే అడ్డు చెప్పకండి. మార్కులు కొంచెం తగ్గితే తగ్గనివ్వండి. మీ వైపు నుంచి ఈ మాత్రం ఇవ్వకపోతే వాడు మీ మాట వినడు.

చెన్నై కన్నా ముందు మీ ఊళ్ళోనే పని ఉంది. చర్చిలో పాడేవాళ్ళ భక్తిగీతాలు, యూట్యూబ్‌లో వచ్చే జానపద పాటలు, షార్ట్ ఫిల్ములు. ఒక పాట మొదటి నుంచి మిక్సింగ్ దాకా తనే చేయించమనండి. మన జానపదానికి కీబోర్డు ఎంత తక్కువ వాయిస్తే అంత బాగుంటుంది, డప్పు మీద కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు) కుమ్మరించేవాడికి ఇది నేర్చుకోవడానికే ఏడాది పడుతుంది. దాంతోపాటు లండన్ ట్రినిటీ కాలేజీవారి సంగీతం గ్రేడ్ పరీక్షలు రాస్తే నొటేషన్ (కాగితం మీద రాసిన స్వరాలు) చదవడం వస్తుంది. బీటెక్ అయ్యాక కూడా ఇదే పట్టుదల ఉంటే చెన్నైలో ఏఆర్ రెహమాన్ 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీలో చేరే సంగతి ఆలోచించవచ్చు. రెహమాన్ కూడా ఒకప్పుడు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించినవారే.

ఇంకొకటి. గొడవ చల్లారాలని ఇప్పుడే లక్ష రూపాయల కీబోర్డు కొనిచ్చేయకండి. ఉన్నదానికి ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (వాయించింది కంప్యూటర్‌లోకి ఎక్కించే పెట్టె), మంచి హెడ్‌ఫోన్లు చాలు. పెద్ద కీబోర్డు ఎప్పుడు కొనాలన్నది, వాడు చేసిన పాటకు బయటివాళ్ళెవరైనా డబ్బిచ్చాక మాట్లాడుకోవచ్చు.